సేవామూర్తి శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్

సింహాచల క్షేత్రమునకు కొద్ది మైళ్ల దూరమున, సముద్రమునకు అభిముఖముగా, వాల్తేరు మెరకపై ఆంధ్ర విశ్వవిద్యాలయము నెలకొని యున్నది. 1926లో బెజవాడలో ఆరంభమైన ఆ విద్యాపీఠము 1930లో వాల్తేరునకు తరలివచ్చెను. ఆ తరువాత కొద్ది సంవత్సరములకు, పలుమారులు చెరసాల చూచి వచ్చిన ఒక యువతి అచ్చట రాజనీతిశాస్త్రము చదువవలెనని కోరి వచ్చెను. స్త్రీలకు వసతిగృహము లేదు గనుక ప్రవేశ మిచ్చుట ఎట్లా అని అధికారులు సందేహించిరి. ఆమె నిరాశతో తిరిగిపోలేదు. తగవు పెట్టుకొననూ లేదు. తనవలెనే చదువగోరియు, వసతి లేని కారణమున ఇంటనే నిలిచిపోయిన స్త్రీలు తనకు తెలియజేయవలసినదని పత్రికలలో ప్రకటన చేసెను. సుమారు పదిమంది ముందుకు వచ్చిరి. వారందరితో కలిసి ఒక వసతిగృహము నడుపుకొనుటకు ఏర్పాటు జరిగెను. అంతటితో అభ్యంతరము తొలగిపోయెను. ఆమెకు ప్రవేశము లభించుటయే కాక, ఆమెతోపాటు మరికొందరు స్త్రీలకు కూడ ఉన్నతవిద్యా ద్వారము తెరువబడెను.

ఆ యువతియే తరువాతి కాలమున దేశమంతట స్త్రీ శిశు సంక్షేమ సేవకు పేరుగాంచిన శ్రీమతి దుర్గాబాయి దేశముఖ్. తన కాలికి తగిలిన రాతిని ప్రక్కకు త్రోసి ముందుకు సాగిపోవుట లోకసామాన్యము. ఆ రాతితోనే వెనుక వచ్చువారికి ఒక మెట్టు కట్టుట దుర్గాబాయి పద్ధతి. ఆమె జీవితమున ఏ ఘట్టమును పరిశీలించినను ఈ పద్ధతియే కానవచ్చును.

బాల్యము

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి బెన్నూరి రామారావుగారు, తల్లి కృష్ణవేణమ్మగారు. ఆమె బాల్యము కాకినాడలో గడచెను. తండ్రి పరోపకార పరాయణుడు. ఊరిలో విషూచి వంటి వ్యాధులు వ్యాపించినపుడు, ఇతరులు దగ్గరకు పోవుటకు జంకు సమయమున, రోగులకు తోడ్పడుటకు వెనుదీయనివాడు. సేవ యనునది ఉపన్యాసములలో వినదగిన మాట కాదనియు, ఇంటి గడప దాటి చేయవలసిన పని యనియు ఆ బాలికకు తండ్రి నడవడియే నేర్పెను.

అయినను ఆనాటి ఆచారము ఆ యింటిని విడువలేదు. ఎనిమిదవ యేటనే ఆమెకు వివాహము జరిగెను. పెండ్లి యన నేమో తెలియని వయస్సున పెండ్లికూతురగుట ఆనాడు వింత కాదు. బాల్యవివాహములను నిరోధించు శారదా చట్టము 1929లో గాని పుట్టలేదు. 1930 ఏప్రిల్ మొదటి తేదీ వరకు అమలులోనికి రాలేదు. బాలికలకు 14, బాలురకు 18 ఏండ్లు నిండవలెనని మాత్రమే ఆ చట్టము నాడు విధించెను. దుర్గాబాయి వివాహము నాటికి అట్టి అడ్డు ఏదియు లేదు.

వయస్సు వచ్చిన పిమ్మట ఆమె ఆ సంసారమునకు పోనొల్లక, తన మార్గము వేరని స్పష్టముగా చెప్పెను. తండ్రియు సోదరుడును ఆమె పక్షముననే నిలిచిరి. ఆ కాలమున ఒక కుటుంబము లోకనిందకు ఓర్చి కుమార్తె మాటను మన్నించుట అల్పవిషయము కాదు. ఆమె భర్తను ద్వేషింపలేదు. అతడు వేరొక వివాహము చేసికొనుటకు సమ్మతించెను. కొన్ని సంవత్సరములకు అతడు మరణింపగా, అతని రెండవ భార్య ఆదరణ లేక ఇక్కట్ల పాలయ్యెను. అపుడు ఆ వితంతువును చేరదీసి, చేతిపనులలో శిక్షణ ఇప్పించి, ఉద్యోగమునకు దారి చూపి, స్వతంత్రముగా బ్రతుకునట్లు చేసినది దుర్గాబాయియే. ఆ స్త్రీకి ఆమె కొంత ధనమిచ్చి పంపవచ్చును. అట్లు చేసినను లోకము మెచ్చుకొని యుండును. కాని ఇచ్చిన ధనము కొన్నాళ్లకు కరగిపోవును. నేర్చిన పని కడవరకు తోడుండును. ఆమె సంక్షేమ సేవకు మూలసూత్రము ఈ చిన్న సంఘటనలోనే యిమిడి యున్నది.

గాంధీజీ రాక

1921 ఏప్రిల్ నెలలో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చెను. అప్పటికి దుర్గాబాయికి పండ్రెండేండ్లు నిండలేదు. ఊరిలోని దేవదాసీలును, ఘోషాలో నుండు ముస్లిము స్త్రీలును గాంధీజీని దర్శించి ఆయన మాట వినవలెనని ఆమె కోరిక. సభలకు రాజాలని ఆ స్త్రీల యొద్దకు ఆయననే రప్పింపవలెనని ఆమె సంకల్పించెను. స్థానిక నాయకులు ఐదువేల రూపాయల నిధి సమకూర్చినచో కొద్ది నిమిషములు అవకాశ మిప్పింతుమనిరి. ఆ బాలికను చిన్నబుచ్చుటకే అంత మొత్తము అడిగిరో ఏమో గాని, ఆమె వెనుకంజ వేయలేదు. దేవదాసీలే ముందుకు వచ్చి నిధి కూర్చిరి. ఒక పాఠశాల ఆవరణమున సభ జరిగెను. కొద్ది నిమిషములకై వచ్చిన గాంధీజీ చాలసేపు అచ్చటనే నిలిచి, స్త్రీల దురాచార బంధములను గూర్చి ప్రసంగించెను. సభలోని స్త్రీలు తమ నగలను ఒలిచి ఆయన ముందుంచిరి. అడిగిన నిధికి ఎన్నో రెట్లు సమకూడెను.

ఆ సభలో గాంధీజీ హిందీ ప్రసంగమును తెలుగు చేసినది దుర్గాబాయియే. ఆమె అనువాదమునకు సంతసించి ఆయన ఆమెను తన వెంట పురమందిర సభకు గొనిపోయి, అచ్చటకూడ ఆమె చేతనే తెలుగు చేయించెను. ఆ పని చేయవలసియున్న దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులు వంటి పెద్దలుండగా ఒక బాలికకు ఆ గౌరవము దక్కుట జనులకు ఆశ్చర్యము గొలిపెను. కాని ఆ దినమున జరిగిన అసలు విశేషము అనువాదము కాదు. ఊరు వెలివేసినట్లు చూచు స్త్రీలను ఊరి పెద్ద సభతో సమానముగా నిలుపవలెనని ఒక బాలిక తలంచుట, తలంచిన దానిని నెరవేర్చుట, అది విశేషము. దేవాలయములకు బాలికలను అర్పించు ఆచారమును మద్రాసు రాష్ట్రమున 1947 నాటి చట్టము నిషేధించుట ఆమె కన్నులారా చూచెను.

ఆంగ్లమాధ్యమ విద్యను నిరసించి ఆమె బడి మానివేసెను. హిందీ స్వయముగా నేర్చి, బాలికలకు నేర్పుటకై ఒక పాఠశాల నడపెను. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున ఆమె స్వచ్ఛంద సేవకురాలుగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి పంపరాదని ఆమెకు ఆజ్ఞ. జవహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేక వచ్చినపుడు ఆయననుకూడ ఆపివేసెను. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చిన తరువాతనే లోనికి విడిచెను. పెద్దకొక నీతి, చిన్నకొక నీతి ఆమె యెరుగదు. ప్రజల సొమ్ముతో నడచు సంస్థలను తరువాత ఆమె నడపిన తీరునకు ఈ బాల్యపు కచ్చితమే బీజము.

చెరసాల నేర్పిన పాఠము

1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా మద్రాసులో ఆ ఉద్యమమును నడపిన వారిలో దుర్గాబాయి ముఖ్యురాలు. 1930 మొదలు 1933 వరకు ఆమె మూడుమారులు నిర్బంధింపబడెను. వెల్లూరు, మధుర చెరసాలలలో ఆమె దినములు గడచెను. మధురలో ఆమెను ఏకాంతవాసమున ఉంచిరి. ఆమె ఆరోగ్యము చెడెను. కాని ఆ చెరసాల ఆమె బుద్ధికి ఒక క్రొత్త చదువు చెప్పెను.

చెరలో ఆమె చూచినది రాజకీయ ఖైదీలను మాత్రమే కాదు. హత్యానేరములకు దీర్ఘశిక్షలు అనుభవించుచున్న స్త్రీలు అచ్చట ఉండిరి. పెక్కుమందికి అక్షరము రాదు. తమపై మోపబడిన నేరమెట్టిదో, న్యాయస్థానమున తమ పక్షమున ఏమి చెప్పుకొనవలెనో, ఎవరిని ఆశ్రయింపవలెనో వారికి తెలియదు. కుటుంబ కలహములు, దుర్భరమైన కాపురములు, దిక్కులేనితనము వారిని ఆ గోడల నడుమకు తెచ్చినవి. వారి పిల్లలు బయట ఎవరి పంచన నున్నారో ఆ తల్లులకే తెలియదు. జాలిపడుటవలన వారికి ఒరుగున దేమియు లేదని దుర్గాబాయి గ్రహించెను. వారికి చదువు కావలెను. న్యాయము తెలిసిన మనిషి తోడు కావలెను. ఇతరులకు ఆ రెండును ఇవ్వవలెనన్నచో ముందు తాను సంపాదింపవలెను.

చెర వెలువడిన పిమ్మట ఆమె రాజకీయములను కొంతకాలము విడిచి, చిన్ననాడే మానిన చదువును మరల మొదలుపెట్టెను. ఇరువది యేండ్లు దాటిన స్త్రీ, సత్యాగ్రహ వీరురాలని పేరుపొందిన స్త్రీ, మెట్రిక్యులేషను పుస్తకములు పట్టుటకు సిగ్గుపడలేదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థురాలై, అచ్చటనే ఇంటరుమీడియెటు చదివెను. అచ్చట స్త్రీలకు రాజనీతిశాస్త్రము చదువు వీలు లేకపోగా ఆమె వాల్తేరునకు వచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు నాడు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులు. వసతిగృహపు చిక్కును ఆమె విడదీసిన తీరు పైన చెప్పబడినది. అచ్చట పట్టము పొందిన తరువాత మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1942లో పట్టభద్రురాలై న్యాయవాద వృత్తిలో ప్రవేశించెను. చెరసాలలో కలిగిన సంకల్పము ఇట్లు నెరవేరెను.

ఆంధ్ర మహిళా సభ

ఆమె విద్యార్థినిగా నున్నప్పుడే, 1937లో, మద్రాసు నగరమున ఒక చిన్న బాలికల సంఘమును స్థాపించెను. ఇరుగుపొరుగు పిల్లలకు ఆటపాటలు, చదువు, హిందీ నేర్పుటతో అది మొదలయ్యెను. పిల్లల వెంట తల్లులు వచ్చిరి. తల్లులలో చదువు మధ్యలో నిలిచిపోయినవారు, భర్తను కోల్పోయినవారు, భర్త విడిచినవారు ఉండిరి. తాను కాశీ పరీక్షకు ఎట్లు చదివెనో అట్లే వారిచేతను చదివింపవచ్చునని దుర్గాబాయికి తోచెను. అట్లు మెట్రిక్యులేషను తరగతులు ఆరంభమైనవి. ఆ చిన్న సంఘమే ఆంధ్ర మహిళా సభగా పెరిగెను.

సభ పెరిగిన క్రమము గమనింపదగినది. ముందుగా పెద్ద భవనము కట్టి, పిమ్మట అందులో ఏమి చేయుదమా అని ఆలోచించుట అచ్చట జరుగలేదు. ఒక అక్కరకు తోడుగా వేరొక అక్కర కానవచ్చెను. దానికి తగిన శాఖ ఏర్పడెను. చదువుకొను స్త్రీకి నిలువనీడ కావలసి వచ్చెను, వసతిగృహము వెలసెను. చదివిన స్త్రీకి జీవనోపాధి కావలసి వచ్చెను. చేతిపనుల శిక్షణ మొదలయ్యెను. ప్రసవ సమయమున పేద స్త్రీకి దిక్కు కావలసి వచ్చెను. వైద్యాలయము, దానివెంట దాదుల శిక్షణ ఏర్పడెను. పోలియో మున్నగు వ్యాధులచే అవిటివారైన పిల్లలను చూచి వారి చికిత్సకు ఒక కేంద్రము నెలకొల్పబడెను. ఆంధ్ర మహిళ యను పత్రికకు దుర్గాబాయియే సంపాదకురాలు. 1946లో సభాభవనమునకు మహాత్మాగాంధీ శంకుస్థాపన చేసెను. తరువాత సభ హైదరాబాదునకు విస్తరించి, వైద్యశాలలు, కళాశాలలు, అక్షరాస్యతా కేంద్రము మున్నగు వాటితో ఒక మహావృక్షమయ్యెను.

సంఘసేవ అనగా పండుగనాడు అన్నము పెట్టుట, చలికాలమున కంబళ్లు పంచుట అని మాత్రమే జనులు ఎంచు కాలమది. ఆ దానము తప్పు కాదు. అయితే లోకమంతటను అప్పటికే వేరొక ఆలోచన బలపడుచుండెను. అమెరికాలోని షికాగో నగరమున 1889లో జేన్ ఆడమ్స్ అను విదుషీమణి హల్ హౌస్ అను సేవాగృహము స్థాపించి, బీదల వాడలోనే కాపురముండి వారితో కలిసి వారి కష్టములకు మూలము వెదకెను. బొంబాయిలో 1936లో తాతా వారి నిధితో సంఘసేవా శిక్షణకై ప్రత్యేక విద్యాలయము వెలసెను. సేవకు మంచి మనస్సు చాలదు, శిక్షణయు కావలెను. వైద్యుడు రోగిని పరీక్షించునట్లు సేవకురాలు కుటుంబస్థితిని ఓపికతో తెలిసికొనవలెను. బిడ్డ కష్టమునకు మందు తరచుగా తల్లి బ్రతుకులో నుండును. తల్లి కష్టమునకు మందు ఇంటి రాబడిలోనో, ఇంటి తగవులోనో ఉండును. ఈ భావములు మన దేశమునకు వచ్చుచున్న ఆ దినములలోనే దుర్గాబాయి తన అనుభవముచేత అదే మార్గమును చేరెను.

రాజ్యాంగ పరిషత్తు

1946లో ఆమె మద్రాసు రాష్ట్రమునుండి భారత రాజ్యాంగ పరిషత్తునకు ఎన్నికయ్యెను. ఆ పరిషత్తులో పాల్గొన్న స్త్రీలు 15 మంది. సభాకార్యక్రమమును నడపు అధ్యక్షవర్గమున చేరిన స్త్రీ ఆమె యొక్కతెయే. ఆమె సవరణలు ప్రతిపాదించుటలోను, చర్చించుటలోను ముందుండెను. రాజ్యసభ సభ్యత్వమునకు 35 ఏండ్ల వయస్సు నిర్ణయింపబోగా, దానిని 30కి తగ్గింపవలెనని ఆమె కోరెను. నేటి రాజ్యాంగమున ఆ 30 సంఖ్యయే నిలిచి యున్నది. హిందూ ధర్మసంస్థలను హిందువులలో అన్ని వర్గములకును తెరచుటను గూర్చిన నిబంధన చర్చకు వచ్చినపుడు, ఏ యొక్క వర్గమునకో అని కాక సమస్త వర్గములకును అను అర్థము స్పష్టము కావలెనని ఆమె పట్టుబట్టెను. సింహగిరి వంటి మహాక్షేత్రముల చెంత నివసించు జనులకు ఆ మాట విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

1952 ఎన్నికలలో ఆమె పరాజయము పొందెను. అంతటి సేవ చేసిన మనిషిని ప్రజలు ఎన్నుకొనకపోవుట ఎవరికైనను మనస్తాపము కలిగించును. ఆమె ఆ ఓటమిని మనస్సున పెట్టుకొని ఇంట కూర్చుండలేదు. ప్రణాళికా సంఘమున సభ్యత్వము లభింపగా, సాంఘిక సంక్షేమ శాఖా బాధ్యతను చేపట్టెను. పార్లమెంటులో ఒక స్థానము పోయిన చోట, గ్రామసీమలలోని స్త్రీలయొద్దకు పోవు మార్గము ఆమెకు తెరువబడెను.

1953 జనవరి 22వ తేదీన ఆమె నాటి కేంద్ర ఆర్థికమంత్రి శ్రీ చింతామణి ద్వారకానాథ్ దేశముఖ్‌ను వివాహము చేసికొనెను. ఎనిమిదవ యేట ఇతరుల నిర్ణయముతో జరిగిన వివాహమునకును, నలుబది మూడవ యేట స్వేచ్ఛతో చేసికొనిన వివాహమునకును నడుమ ఒక తరము స్త్రీల చరిత్ర నిలిచి యున్నది.

గ్రామములకు సంక్షేమము

1953 ఆగస్టు నెలలో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు స్థాపింపబడెను. దానికి ప్రథమాధ్యక్షురాలు దుర్గాబాయి. దేశమున అప్పటికే ఎన్నో స్వచ్ఛంద సంస్థలు ఉండెను. అనాథ శిశువులను పెంచునవి కొన్ని, వితంతువులకు ఆశ్రయమిచ్చునవి కొన్ని, అంధులకు చదువు చెప్పునవి కొన్ని. ఒక్కొక్క దానికి ఒక్కొక్క దాత. దాత కన్నుమూసిన సంస్థయు కన్నుమూయును. ప్రభుత్వమే ఈ పనినంతను తన ఉద్యోగుల చేత చేయించినచో అది ఒక కచేరీ పని యగును గాని సేవ కాజాలదు. కనుక ప్రభుత్వము ధనసహాయము చేయవలెను, ప్రజల సంస్థలు పని చేయవలెను, నడుమ బోర్డు తనిఖీయు సలహాయు ఇయ్యవలెను. ఇదియే ఆ యేర్పాటు సారము. మొదటి పంచవర్ష ప్రణాళికలో ఇందులకై 4 కోట్ల రూపాయలు కేటాయింపబడెను.

పట్టణములలో సంస్థలు కలవు, పల్లెలలో లేవు. ఈ లోటు తీర్చుటకు 1954 ఆగస్టు 15వ తేదీనుండి సంక్షేమ విస్తరణ పథకములు ఆరంభింపబడినవి. ఒక్కొక్క పథకము సుమారు 25 గ్రామములకు వర్తించును. నిర్వహణకు స్థానిక స్త్రీలే అధికముగా నుండు ఒక సంఘము. పనికి గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనుల బోధకురాలు. చిన్నపిల్లలకు బాలవాడి, గర్భిణులకును బాలింతలకును సలహా, స్త్రీలకు చదువును కుట్టుపనియు, అందరకును కొంత వినోదము. ఇవి అందలి ముఖ్యాంశములు.

గ్రామసేవిక పని పైకి చిన్నదిగ తోచును. ఉదయమున పిల్లలను పోగుచేసి బాలవాడికి గొనివచ్చును. వారికి ముఖములు కడిగి, ఆటలాడించి, పాటలు నేర్పును. మధ్యాహ్నమున ఇల్లిల్లు తిరుగును. ఏ యింట బిడ్డ రెండు దినములుగా బాలవాడికి రాలేదో ఆ యింటి గడప త్రొక్కును. బిడ్డకు జ్వరమా, తల్లి కూలికి పోగా పసిబిడ్డను ఎత్తుకొనుటకు పెద్దబిడ్డను ఇంట ఉంచిరా, తండ్రి త్రాగుడు వలన పొయ్యి వెలుగలేదా అని తెలిసికొనును. తెలిసినదానిని రచ్చబండకు ఎక్కింపదు. ఆ యింటివారికి ఏమి కావలెనో వారినే అడుగును. సేవకురాలు గడప దాటి లోనికి వచ్చుట ఆ యింటివారు చేయు గొప్ప నమ్మకము. దానిని నిలుపుకొనుటయే ఆ వృత్తికి మొదటి ధర్మము. ఆనాడు పల్లెలలో ఒంటరిగా తిరుగు స్త్రీని జనులు అనుమానముతో చూచుట కలదు. అట్టి చోట చిన్న జీతమునకు పనిచేసిన గ్రామసేవికల పేర్లు ఏ గ్రంథమునను లేవు. దుర్గాబాయి కీర్తిలో వారికిని పాలు కలదు.

అయితే అట్టి పనికి తగిన స్త్రీలు దొరకుట కష్టమయ్యెను. సేవికగా, ఉపాధ్యాయినిగా, దాదిగా శిక్షణ పొందవలెనన్నచో కొంత చదువు తప్పదు. పల్లెలలో చదివిన స్త్రీలు లేరు. పనిచేయగల స్త్రీలకు చదువు లేదు. ఈ ముడిని విప్పుటకు 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా పథకము ప్రవేశపెట్టబడెను. బాల్యమున బడి మానిన స్త్రీలకు కొద్ది కాలములోనే పరీక్షకు తగిన చదువు చెప్పుట దాని ఉద్దేశము. మెట్రిక్యులేషను పుస్తకమును ఆలస్యముగా చేపట్టిన ఒక స్త్రీ అనుభవమే ఇట్లు దేశమంతటికి పథకమై వ్యాపించెను. ఆ సంవత్సరముననే ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘమునకు ఆమె అధ్యక్షత వహించెను. బాలుర చదువునకును బాలికల చదువునకును గల అంతరమును త్వరితముగా పూడ్చవలెననియు, అందులకై ప్రత్యేక యంత్రాంగమును ప్రత్యేక నిధులును ఉండవలెననియు 1959లో ఆ సంఘము నివేదించెను.

పథకములన్నియు ఆశించినట్లే ఫలించెనని చెప్పుట సత్యము కాదు. విస్తరణ పథకములు కాలక్రమమున మహిళా మండలుల చేతికి అప్పగింపబడినవి. కార్యకర్తలు గట్టిగా నున్నచోట అవి నిలిచినవి; లేనిచోట క్షీణించినవి. అయినను పసిబిడ్డ ఆరోగ్యము, తల్లి పోషణ, బడికి ముందు చదువు ఒకేచోట ఉండవలెనను భావము మాత్రము నిలిచిపోయెను. 1975 అక్టోబరు 2వ తేదీన దేశమున ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకపు అంగన్వాడీలో అదే భావము కానవచ్చును. ఊరి అంగన్వాడీకి బిడ్డను పంపు తల్లికి ఆ బాలవాడి కథ తెలియకపోవచ్చును. కాని ఆ బాట ముందుగా నడచినవారు కలరు.

కుటుంబ న్యాయస్థానములు

ఆమె దృష్టి ఇంటి తగవులపైకూడ నిలిచెను. 1953లో చీనాదేశమును సందర్శించినపుడు అచ్చటి కుటుంబ న్యాయస్థానముల తీరును ఆమె పరిశీలించెను. భార్యాభర్తల వివాదము, బిడ్డల సంరక్షణ, మనోవర్తి మున్నగునవి భూముల తగాదాలవలె, దొంగతనపు అభియోగములవలె విచారింపదగినవి కావని ఆమెకు దృఢముగా తోచెను. న్యాయస్థానమున ఎవరో ఒకరు గెలుతురు, ఒకరు ఓడుదురు. తల్లిదండ్రులలో ఎవరు గెలిచినను ఓడునది బిడ్డయే. కనుక అట్టి వ్యవహారములకు వేరు న్యాయస్థానము కావలెను. అచ్చట న్యాయాధిపతికి తోడుగా సంఘసేవయందు శిక్షణ పొందినవారు ఉండవలెను. తీర్పునకు ముందు రాజీకి యత్నము జరుగవలెను. ఈ విషయమై న్యాయమూర్తులు ఛాగ్లా, గజేంద్రగడ్కర్‌లతోను, ప్రధాని నెహ్రూతోను ఆమె చర్చించెను. ఆ ఆలోచన చట్టమగుటకు మూడు దశాబ్దములు పట్టెను. కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వెలువడెను. అప్పటికి ఆమె గతించి మూడేండ్లయ్యెను. తాను నాటిన విత్తనము మొలకెత్తుట చూడకుండగనే పోవుట ఈ సేవలో సామాన్యమే.

చివరి సంవత్సరములు

1962లో భర్తతో కలిసి ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని ఆమె స్థాపించెను. సేవకు పరిశోధనయు తోడు కావలెనని దాని ఆశయము. అంధుల సహాయ సంస్థలోను ఆమె పనిచేసి, అంధ బాలురకు చదువును వసతియు, పెద్దలకు పనిశాలయు ఏర్పడునట్లు చూచెను. 1971లో అక్షరాస్యతా కృషికి నెహ్రూ పురస్కారమును, 1975లో పద్మవిభూషణ బిరుదమును ఆమె పొందెను. తుదిదశలో హైదరాబాదు ఆమెకు కార్యక్షేత్రము. తన జీవితకథను ఆంగ్లమున వ్రాసి, 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూసెను.

వసతిగృహము లేదని ఏ విద్యాలయము ఆమెకు ప్రవేశమిచ్చుటకు సందేహించెనో, ఆ ఆంధ్ర విశ్వవిద్యాలయములోనే నేడు స్త్రీల అధ్యయన కేంద్రము ఆమె పేర నెలకొని యున్నది. తలుపు వద్ద నిలిచిన మనిషి పేరే ఆ తలుపుపై వ్రాయబడుట అరుదైన గౌరవము.

విగ్రహమునకు పూలమాల వేయుటతో దుర్గాబాయి ఋణము తీరదు. బడి మానిన బాలికను మరల బడికి పంపిన యిల్లు, దిక్కులేని స్త్రీకి రూకలతోపాటు పని నేర్పిన వీథి, పదిమంది స్త్రీలు వచ్చి పుస్తకము తెరచుటకు వేళయు చోటును కల్పించిన గ్రంథాలయము ఆ ఋణమును కొంత తీర్చును. మెట్టు కట్టినవారు పోయినను మెట్టు నిలుచును. దానిపై పాదము మోపి పైకి పోయినవారు, తమ వంతుగా మరియొక మెట్టు కట్టవలసి యున్నది.